హోవెల్ దొర వెంట అరకు కొండల్లో

కిందటేడు సెలవులకి ఎక్కడికి పోయావోయ్ అని అడిగినవాళ్లకి "అరకు కొండల్లోకి" అంటే రెండే ప్రశ్నలు వేస్తున్నారు. పులి కనిపించిందా? జ్వరం తగిలిందా? పులి కనిపించలేదు, జ్వరం తగల్లేదు. ఈ రెండు జవాబులూ అయ్యాక ఇంకేమీ వినే ఓపిక ఎవరికీ ఉండటం లేదు. అందుకని మిగిలినదంతా కాగితం మీద పెడుతున్నాను. తీరికున్నవాళ్లు చదువుకోవచ్చు.

నేను విజయనగరం దగ్గర ఒక బళ్లో ఇంగ్లీషు మేష్టర్ని. అంతకుముందు నాలుగేళ్లు అరకు వైపు ఏజెన్సీ బళ్లో పనిచేశాను. కొండవాళ్ల తెలుగూ, అందులో కలిసే ఒరియా మాటలూ నాకు బాగా పట్టుబడ్డాయి. ఆ ఒక్క అర్హత మీద నన్ను ఒక సీమదొర వెంట దుబాసీగా పంపారు.

ఆయన పేరు హోవెల్. ఇంగ్లండు మహాసభలో, అంటే పార్లమెంటులో, మెంబరు. కొండల్లో పితూరీ అణిగిపోయిందనీ, జనం హాయిగా ఉన్నారనీ ఆ సభలో ఎవరో చెప్పారట. అయితే నేను వెళ్లి చూసొస్తానని ఈయన లేచాడట. నన్ను పంపిన అధికారి మాత్రం, "దొరగారికి ప్రయాణం సుఖంగా సాగాలి మేష్టారూ. పట్నం హైస్కూల్లో ఖాళీ సంగతి మీరు తిరిగొచ్చాక చూద్దాం" అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనంత అమాయకుణ్ణి కాను.

శృంగవరపుకోట

దొరంటే ఎర్రగా, ఎత్తుగా, తుపాకీ పట్టుకుని దిగుతాడనుకున్నాను. కారులోంచి పొట్టిగా, బొద్దుగా ఒక మనిషి దిగాడు. కోటు మోచేతుల దగ్గర అరిగి మెరుస్తోంది. ఎడమచేతికి రెండు వేళ్లు సగం దాకా లేవు. నుదుటి మీద నీలంగా ఒక గీత ఉంది, పచ్చబొట్టేమో అనుకున్నాను. అది బొగ్గుగనిలో తగిలిన దెబ్బట, గాయంలో బొగ్గుపొడి ఉండిపోతే జన్మంతా అలాగే ఉంటుందట. పన్నెండో ఏట గనిలో దిగి ఇరవై ఏళ్లు బొగ్గు తవ్వాడట ఈ మహాసభ మెంబరు! మా ఊళ్లో మునసబు కొడుకు కూడా గునపం ముట్టుకోడు.

ఆవేళ సంత. కొండమీంచి దిగినవాళ్లు పసుపూ, చింతపండూ, అడ్డాకులూ గంపలతో తెచ్చి ఉప్పుకీ బట్టకీ మారుస్తున్నారు. అణాకి పెద్ద పనసకాయ. దొరగారు కొని, నేను వద్దంటున్నా వినకుండా చేతులతోనే చీల్చాడు. పాలు అంటుకుని పదివేళ్లూ (ఆయనకి లెక్కకి తొమ్మిదే) బంకయిపోయాయి. సంతంతా నవ్వింది. ఒక ముసలావిడ నూనె తెచ్చి ఆయన చేతులకి రాస్తూ, "ఇంత ఒయిసొచ్చింది, పనసపండు తినడం రాదేటి బావూ నీకు?" అంది. ఆ మాట ఇంగ్లీషులో చెబితే, "మా ఆవిడ కూడా ఇలాగే తిడుతుంది" అని దొరగారు పడీ పడీ నవ్వాడు.

మా వెంట గుమాస్తా అప్పలనరసయ్య గారు కూడా ఉన్నారు. ఏర్పాట్లు చూడటానికి అని పేరు. నిజానికి ఆయన చూస్తున్నది నన్ను.

అనంతగిరి

మర్నాడు తెల్లవారగానే ఘాటీ దారిన కొండెక్కాం. దొరగారికి డోలీ సిద్ధం చేశారు. దాన్నీ, మోసే నలుగుర్నీ చూసి ఆయన, "నా కాళ్లకేమైంది?" అన్నాడు. ఇంక అప్పలనరసయ్య గారు కూడా నడవాల్సి వచ్చింది. ఆయన ఆయాసం అనంతగిరి దాకా వినపడుతూనే ఉంది.

పైకి పోయేకొద్దీ ఎండ వెనకబడింది. కింద మాడిపోతున్న ఊళ్లు ఒక్కొక్కటీ పొగమంచులో కలిసిపోయాయి. తోవ మాత్రం మిగిలింది, అది కూడా పది గజాలు. ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు, ఎంత నడిచినా దగ్గరకీ రాదు, దూరమూ పోదు. ఇప్పపూల మత్తువాసన తెరలు తెరలుగా వచ్చేది. నాలుగేళ్లు ఈ కొండల్లో ఉన్నప్పుడు ఎప్పుడెప్పుడు దిగిపోదామా అని రోజులు లెక్కపెట్టుకున్నవాణ్ణి. ఇప్పుడెందుకో ప్రతి మలుపులోనూ ఆగి చూస్తున్నాను.

దొరగారు అడుగులు లెక్కపెడుతూ నడుస్తున్నాడు. అది ఇంగ్లీషు కాదు. లాటిన్ అనుకుని నా పాండిత్యం చూపబోతే తలూపి ఊరుకున్నాడు. కొండ మలుపులో ఆగి, "మా ఊరి కొండలూ ఇలాగే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన బొగ్గుమట్టితో పోసిన నల్లకొండలు కూడా ఉన్నాయి. పిల్లలకి ఏది దేవుడు పెట్టిందో తెలియదు" అన్నాడు.

ఆ రోజు భోజనం సామ అన్నం, చింతచిగురు పప్పు. నా నశ్యం డబ్బాలో మంచు చెమ్మ చేరి నశ్యమంతా ముద్ద కట్టింది. లోకంలో ఎన్ని కష్టాలున్నా నాకు ఆ పూట ఇదే పెద్దది.

అరకులో ఒక ఊరు

మూడోనాడు లోయలోకి దిగాం. వలిసె పూల కాలం కాదు కాబట్టి పసుపు రంగు లేదు. చుట్టూ కొండల మీద పోడు కాల్చిన నల్లటి మచ్చలు. చినుకు పడితే ఆ బూడిదలో విత్తనం వేస్తారు. ఊళ్లో ముప్పై గడపలు, గోడలకి ఎర్రమట్టి, అడుగున నల్లటి పట్టీ. మా వైపు ఆడవాళ్లు శుక్రవారం నాడు కూడా అంత శుభ్రంగా అలకరు, ఈ మాట మా ఇంట్లో చదవకపోతే మంచిది.

ముందు మామిడి టెంక అంబలి పోశారు. వగరుగా ఉంటుంది. దొరగారు ఆనపకాయ బుర్రతో రెండుసార్లు తాగాడు. నేను తాగినట్టు నటించాను. తర్వాత ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెట్టుకుని థింసా ఆడారు. ఆ వరస పాకుతూ వచ్చి దొరగార్ని కూడా కలిపేసుకుంది. కళ్లు మూసుకుని ఆయన తప్పు లేకుండా అడుగు వేస్తుంటే, పొట్టి కోటూ, మాసిన టోపీ, వెనకాల నీలం కొండలూ చూస్తూ నేను ఎక్కడున్నానో కాసేపు మర్చిపోయాను.

ఆట ఆగాక ఒకావిడ ముందుకొచ్చింది. పేరు గురుబారి. ముప్పై ఏళ్లుంటాయి. ఊరిపెద్ద ఇంట్లోంచి పాత పులితోలు తెచ్చి నేలమీద పరిచారు. ఈ ఆచారం నాకు తెలుసు. కొండవాళ్లు ప్రమాణం చేసేది పులితోలు మీద. దానిమీద కూచుని అబద్ధమాడితే అడివిలో పులి వచ్చి తీసుకుపోతుందని నమ్మకం.

"కూర్చో అమ్మా, చెప్పు" అన్నాను.

"నానెందుకు? నా మాట నాకు తెల్సు" అంది గురుబారి. "దొర కాడికి మోసుకెల్లీవోడివి నువ్వు కదా. నువ్వు కూకో."

తెల్లబోయాను. సాక్షి మాత్రమే కూర్చోవాలనుకున్నాను. మాట మోసేవాడు కూడా కూర్చోవాలట. దారిలో మాట ఒలికిపోకూడదు కదా అన్నాడు ఊరిపెద్ద. నవ్వుతూ కూర్చున్నాను. తోలు గరుకుగా ఉంది. ఆవిడ నిలబడి చెప్పింది.

"మా మనిసి సుక్ర. రెన్నెల్ల కిందట జవానొచ్చి దొరల పెట్టెలు మొయ్యడానికి రమ్మన్నాడు. మావోడికి జొరం. ఒల్లు కాలిపోతంది. రేపొస్తానన్నాడు. రానంటావేట్రా అని కొట్టినారు. మోతకర్ర అడ్డమెట్టుకున్నాడు. ఎత్తనేదు బావూ, అడ్డమెట్టుకున్నాడు. పితూరీగాడని పేరెట్టి కట్టీసి లాక్కుపోనారు. ఘాటీ కింద ఠాణాలో ఉన్నాడు. అంబలి అట్టుకెల్తే సూడనివ్వనేదు. పోడు కాల్చీసినాం. సినుకు పడితే ఇత్తనమెయ్యాల. ఆడు నేకపోతే ఈ ఏడు మాకు తిండి నేదు. ఆ జవాన్ని ఏటీ సెయ్యొద్దు. మా మనిసిని సినుకు పడకముందు ఇంటికి ఒగ్గీమను. బేగి ఒగ్గీమను. ఇదే నా మాట."

దొరగారు నా వైపు చూశాడు. దొరగారి భుజం వెనకనుంచి అప్పలనరసయ్య గారు కూడా చూశాడు. చూసి, ఊరికే దగ్గాడు. పట్నం హైస్కూలు, సముద్రపు గాలి, మా ఆవిడ ఎదురుచూపులు, అన్నీ ఆ దగ్గులో ఉన్నాయి.

"ఈవిడ భర్త పనిమీద కొండ దిగాడు. వానలకి ముందే తిరిగొస్తే బావుణ్ణని కోరుకుంటోంది" అన్నాను ఇంగ్లీషులో.

"అంతేనా?" అన్నాడు దొరగారు.

"అంతే."

ఆయన లేచి, టోపీ తీసి, ఆవిడకి నమస్కారం పెట్టాడు. గురుబారి నన్నే చూస్తోంది.

"ఐపోనాదా? నానంతసేపు సెప్పితే?"

"ఇంగ్లీషులో మాటలు పొట్టివి" అన్నాను. ఛీ, ఆ మాట ఇక్కడ రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

బొర్రా

మర్నాడు దొరగారు బొర్రా గుహలు చూడాలన్నాడు. ఆయన గనిలో పెరిగినవాడు కదా, నేల లోపల ఏముందో అని ఆశ. అడివి దారిన నడిచాం. నేను ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణి, పులితోలు ప్రమాణాలు నమ్మను. అయినా ఆ రోజంతా మనుషుల మధ్యనే నడిచాను, ముందూ వెనకా పోలేదు. ఆకు కదిలితే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. అప్పలనరసయ్య గారు నా భుజం తట్టి, "పట్నంలో ఇల్లు చూసుకోండి మేష్టారూ" అంటే ఆ చెయ్యే పులిపంజాలాగ తగిలింది.

గుహ నోటి దగ్గర గబ్బిలాల కంపు కొట్టి అప్పలనరసయ్య గారు బయటే ఆగిపోయాడు. కాగడా పట్టుకున్న కొండమనిషి, దొరగారు, నేను లోపలికి దిగాం. పైనుంచి రాయి కారి కారి ఆవు పొదుగుల్లాగ వేళ్లాడుతోంది. ఎప్పుడో ఒక చుక్క పడుతుంది. బయట మిట్టమధ్యాహ్నం అన్నది మర్చిపోయాం. దొరగారు గోడ తడిమి చూసి, ఒక రాతి మీద కూచుని, కాగడా ఆర్పమన్నాడు.

కొండమనిషికి చెబితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆర్పాడు.

అంతటి చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. అందులోంచి దొరగారి గొంతు వచ్చింది. నెమ్మదిగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

"మా అమ్మకి ఇంగ్లీషు రాదు మేష్టారూ."

నాకు మతిపోయింది. ఇంగ్లీషు రాని దొరసాని ఉంటుందా? అప్పుడు చెప్పాడు. వాళ్లది వేల్స్ దేశమట, ఇంగ్లండుకి ఆనుకుని ఉంటుంది, భాష వేరు. బళ్లో ఆ భాష మాట్లాడితే మెడలో చెక్కముక్క వేసి నిలబెట్టేవారట. ఘాటీలో ఆయన అడుగులు లెక్కపెట్టింది ఆ భాషలోనే.

"నా పన్నెండో ఏట గని పేలి మా నాన్న పోయాడు. విచారణకి పెద్దమనుషులు వచ్చారు, ఇంగ్లీషువాళ్లు. అమ్మ వాళ్ల ఎదుట నిలబడి చెప్పింది. అక్కడ మండే గాలి చేరుతోందని నాన్న మూడు రోజులుగా మేస్త్రీకి చెబుతున్నాడనీ, దిగకపోతే పని పోతుందని మేస్త్రీ బెదిరించాడనీ. చాలాసేపు చెప్పింది. దుబాసీ విని ఒక్క మాటలో తేల్చేశాడు. తన భర్త మంచి పనివాడని చెబుతోందన్నాడు. పెద్దమనుషులు తలూపి, ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు."

"దుబాసీ ఎవరు?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"మా ఊరి బడి మేష్టరు."

చుక్క పడింది. ఆయన మళ్లీ అన్నాడు: "నాకు అప్పటికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆయన తప్పు చెబుతున్నాడని తెలిసింది. కానీ ఆయన నా మేష్టరు. భయపడి నోరు విప్పలేదు. తర్వాత ప్రార్థన మందిరంలో ప్రసంగాలు చేశాను, కూలీల సంఘం నడిపాను, సమ్మెలో జైలుకి పోయాను, సభకి ఎన్నికయ్యాను. గొప్ప వక్త అంటారు నన్ను. ఆ రోజు చెప్పలేకపోయిన ఒక్క మాటకి ఇదంతా సరిపోవడం లేదు. నిన్న ఆ ఊళ్లో ఆవిణ్ణి చూస్తే, ఎందుకో, అమ్మ గుర్తొచ్చింది."

ఆయనకి నా మీద అనుమానం ఉండి చెప్పాడో, ఊరికే చెప్పాడో నాకు ఈ రోజుకీ తెలియదు. పులి ఎక్కడో అడివిలో లేదు, నా పక్కనే కూచుని నెమ్మదిగా మాట్లాడుతోందనిపించింది.

"దొరగారూ, నేను నిన్న అబద్ధం చెప్పాను" అన్నాను.

చెప్పేశాను. జ్వరం, మోతకర్ర, అడ్డం పెట్టుకోవడం, అంబలి, పోడు, విత్తనం, జవాన్ని ఏమీ చేయొద్దన్న మాటతో సహా, ఆవిడ చెప్పిన వరసలో మొత్తం చెప్పాను. హైస్కూలు సంగతి కూడా దాచలేదు. చీకట్లో నా ముఖం కనపడదు కనుక చెప్పగలిగాను.

ఆయన కాగడా వెలిగించమని చెప్పి, "ఆ ఠాణా ఎంత దూరం?" అన్నాడు.

ఘాటీ కింద ఠాణా

గుహలోంచి బయటికి రాగానే దిగడం మొదలుపెట్టాం. అప్పలనరసయ్య గారు ముందు బతిమాలాడు, తర్వాత నన్ను పక్కకి లాగి, "కొంప ముంచావు కదయ్యా, నీ కొంపా, నా కొంపా" అన్నాడు. దారిలో ఒక కొండగుడిసెలో కాసేపు నడుం వాల్చి, తెల్లవారకముందే మళ్లీ నడిచాం. దొరగారి కాళ్లు బొబ్బలెక్కాయి. అయినా డోలీ ఎక్కలేదు. ఆ పొగమంచే, ఆ నీళ్ల చప్పుడే, ఈసారి నాకు ఏదీ అందంగా కనపడలేదు.

ఐదోనాడు మధ్యాహ్నానికి ఠాణా చేరాం. జమాదారు దొరగారి ముఖం చూసి చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు. సుక్ర పేరు చెప్పాను.

"ఆ పితూరీ బందీలా? పెద్ద జైలుకి పంపించేశామండి" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇవాళ తెల్లారగట్లే. నిన్న సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నారండి. దొరగారు నిన్నొచ్చి అడిగుంటే నేనే విడిచిపెట్టేసేవాణ్ణి. ఇప్పుడు కాగితాలు పైకి పోయాయి, నా చేతిలో ఏముందండి."

అరకు ఊరినుంచి ఆ రోజే తిన్నగా దిగి ఉంటే నిన్న సాయంత్రానికి ఇక్కడ ఉండేవాళ్లం. మధ్యలో బొర్రా చూసొచ్చాం. ఈ లెక్క నేను చెప్పాల్సిన పని లేకపోయింది. దొరగారు అప్పటికే కిటికీలోంచి ఖాళీ కొట్టులోకి చూస్తున్నాడు. గోడ మీద గోళ్లతో గీసిన కొర్ర వెన్నులు వరసగా ఉన్నాయి.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. ఠాణా బల్ల మీదే కూచుని మూడు పెద్ద ఉత్తరాలు రాశాడు. మర్నాడు రైలు దగ్గర చెయ్యి కలిపి, "ఉత్తరాలు నేను రాస్తాను. సభలో నేను అడుగుతాను. ఆవిడకి చెప్పడం మాత్రం నా పని కాదు మేష్టారూ" అన్నాడు.

ఆయన మాట తప్పలేదు. సీమకి పోయి సభలో అడిగాడని, సర్కారువారు అలాంటి ఫిర్యాదేదీ మా దృష్టికి రాలేదని జవాబిచ్చారని పత్రికలో చూశాను. సుక్ర మరుసటి ఏడు ఎండల్లో విడుదలై ఇంటికి చేరాడు, బాగా చిక్కిపోయి. పట్నం హైస్కూలుకి వేరే మేష్టర్ని వేశారు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. రైలు కదిలిపోయాక నాకు తెలిసింది ఒక్కటే, మళ్లీ కొండ ఎక్కాలి.

మళ్లీ అరకు

ఈసారి గుమాస్తా లేడు, దొర లేడు. ఒంటరిగా ఎక్కాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. జమాదారు మీద పెట్టవచ్చు. కాగితాల మీద పెట్టవచ్చు. దొర ఆలస్యం చేశాడంటే మటుకు ఆవిడకేం తెలుస్తుంది? ఇలా ఎన్నో అనుకున్నాను. చల్లటి గాలి వీస్తోంది, పడమటి కొండల మీద మబ్బు పట్టింది.

గురుబారి పోడులో ఉంది. బూడిదలో కాలని మొద్దులు ఒక్కత్తే పక్కకి దొర్లిస్తోంది. నన్ను చూసి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమో అని దారి వైపు చూసింది. ఎవరూ లేరు.

"నీ మాట నేను దొరకి చెప్పలేదమ్మా" అన్నాను. "నా ఉద్యోగం కోసం సగం మింగేశాను. మర్నాడు చెప్పాను. అప్పటికి ఆలస్యమైపోయింది. మేం వెళ్లిన రోజు పొద్దున్నే నీ మనిషిని పెద్ద జైలుకి తీసుకుపోయారు. ఒక్క రోజు ముందు వెళ్లుంటే ఇంటికొచ్చేవాడు. తప్పు నాది."

ఏడుస్తుందనుకున్నాను, మట్టెత్తి పోస్తుందనుకున్నాను. చేతులకంటిన మసి కోకకి తుడుచుకుంది.

"తప్పు సెప్పడానికి ఇంత కొండెక్కి ఒచ్చినావు" అంది. "ఆయేల నిజం సెప్పడానికి దూరమేటుంది బావూ? దొర నీ పక్కనే కూకున్నాడు కదా."

చినుకు మొదలైంది. గురుబారి విత్తనాల గంప తెచ్చి నా ముందు పెట్టింది, తవ్వుకర్ర తను తీసుకుంది. ఆవిడ ముందు తవ్వుతూ పోతుంటే నేను వెనక విత్తనం వేసుకుంటూ పోయాను. సెలవులు అయిపోయే దాకా అక్కడే ఉన్నాను.